చల్లటి మిరపకాయ నోటినెందుకు మండిస్తుంది?

పండుమిరపకాయను చేత్తో పట్టుకుంటే చల్లగానే ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పండుమిర్చి పచ్చడి ఇంకా చల్లన. అయినా అన్నంలో కలుపుకుని నాలుగు ముద్దలు తినేసరికి నోరు కాలినట్టు మండుతుంది, చెవులు వేడెక్కుతాయి, నుదుట చెమట పడుతుంది. అప్పుడు నోట్లో థర్మామీటరు పెట్టి చూసినా కాలేటంత వేడి కనిపించదు. నిప్పు లేదు, బొబ్బ లేదు. మరి కాలుతున్నట్టు ఎందుకు అనిపిస్తోంది? తప్పు కబురు చెబుతున్నది నాలుకా, మనసా?

దీనికి జవాబు చెప్పాలంటే ముందు రెండు పనులను విడదీసుకోవాలి. గుంటూరు మిర్చియార్డు గేటు దగ్గర లారీ ఆగితే గుమస్తా ఒక చీటీ రాస్తాడు. సరుకు ఎవరిది, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని అన్నది అందులో ఉంటుంది. మేలు రకమా, తాలు కాయా, క్వింటా ఎంత పలుకుతుంది అన్నది ఉండదు. ఆ సంగతి లోపల తేలుతుంది. కొనేవాడు టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, విరిచి, గింజ చూసి, రంగు చూసి, నిన్నటి ధరలు గుర్తుచేసుకుని ఒక మాట అంటాడు. మన శరీరంలోనూ ఈ రెండు పనులు వేరువేరుగా జరుగుతాయి. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం బయటి మార్పును పట్టుకుని నరాల దారిన మెదడుకు కబురు పంపుతాయి. మనస్తత్వ శాస్త్రం దీన్ని సంవేదన అంటుంది. వచ్చిన కబురుకు మెదడు అర్థం కట్టడం రెండో పని. పాఠ్యపుస్తకాలు దాన్ని ప్రత్యక్షం అంటాయి. ఈ అధ్యాయంలో మనం గ్రహింపు అనుకుందాం.

మామూలుగా ఈ రెండూ ఎంత వేగంగా ఒకదాని వెంట ఒకటి జరుగుతాయంటే, మధ్యలో అతుకు ఉందని కూడా మనకు తెలియదు. ఆ అతుకు కనబడాలంటే రెండూ పొసగని చోట్లు వెతకాలి. మిరప, పత్తి పండే ఈ నేలమీద అలాంటి చోట్లకు కొదవలేదు.

నిప్పు లేని మంట

మిరపకాయకు కారాన్నిచ్చే పదార్థం క్యాప్సైసిన్. ఆ పేరు పెట్టింది ఇంగ్లండ్ రసాయనవేత్త థ్రెష్, 1876లో. కారమంతా గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తయారయ్యేది కాయ లోపల గింజలను పట్టి ఉంచే తెల్లటి కండలో. గింజలు దాన్ని ఆనుకుని ఉంటాయి కనుక వాటికీ అంటుకుంటుంది.

ఉగాది పచ్చడి తినేటప్పుడు కారాన్ని షడ్రుచుల్లో ఒకటిగా లెక్కపెడతాం. శరీరం లెక్క వేరు. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామీ అనే ఐదు రుచులను నాలుక మీది రుచిమొగ్గలు పట్టుకుంటాయి. కారం వాటి పని కాదు. వేడిని, నొప్పిని చేరవేసే నరాలు దాన్ని మోస్తాయి. అందుకే పచ్చిమిర్చి తరిగిన వేలు పొరపాటున కంటికి తగిలితే కన్ను మండుతుంది. కంటికి తీపి తెలియదు, చేదు తెలియదు, కారం మాత్రం తెలుస్తుంది.

ఈ నరాల చివర ఏముందో 1997లో తేలింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం అక్కడి ఒక ప్రొటీన్‌ను పట్టుకుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. ఇలా మార్పును పట్టే ప్రొటీన్‌ను గ్రాహకం అంటారు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి సోకితే అది తెరుచుకుని, కాలుతోందన్న కబురు పైకి పంపుతుంది. క్యాప్సైసిన్ సోకినా అదే తెరుచుకుంటుంది. అదే నరం, అదే కబురు. పంపింది మరిగే కాఫీయా, మిరపకాయా అన్న వివరం ఆ కబురులో లేదు. మెదడు తన దగ్గరున్న ఒకే ఒక అర్థాన్ని కడుతుంది: నోరు కాలుతోంది. ఈ పరిశోధనకు జూలియస్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. ఒత్తిడిని పట్టుకునే గ్రాహకాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్ ఆయనతో దాన్ని పంచుకున్నాడు.

కాబట్టి అబద్ధం చెబుతున్నది ఎవరూ కాదు. నరం తనకు తెలిసిన ఒక్క కబురే పంపింది, మెదడు దాన్ని అనుభవం చెప్పినట్టే చదివింది.

ఇది తెలిస్తే భోజనాల దగ్గర జరిగే కొన్ని సంగతులకు కారణం దొరుకుతుంది. కారం తిన్న వెంటనే వేడి టీ తాగితే ప్రాణం పోయినట్టుంటుంది. క్యాప్సైసిన్ పట్టిన గ్రాహకం మామూలు కన్నా తక్కువ వేడికే తెరుచుకోవడం దానికి కారణం. చెంబెడు నీళ్లు తాగినా మంట తగ్గదు, ఎందుకంటే క్యాప్సైసిన్ నీటిలో కరగదు. అది కొవ్వులో కరుగుతుంది. పాలల్లో ఉండే కేసిన్ అనే ప్రొటీన్ కూడా దాన్ని నాలుక మీంచి లాగేస్తుంది. గొడ్డుకారం అన్నంలో నెయ్యి పోసుకోవడం, చివర్లో పెరుగన్నం తినడం ఈ శాస్త్రం పుట్టకముందే ఇంటింటా తెలిసిన మందు. పిప్పరమెంటు బిళ్ల చప్పరిస్తే దీనికి ఎదురుగా జరుగుతుంది. అందులోని మెంథాల్ చల్లదనాన్ని పట్టే గ్రాహకాన్ని తెరుస్తుంది. నోట్లో చల్లబడింది ఏమీ లేకపోయినా చల్లగాలి వీచినట్టుంటుంది.

రామచిలుక మిరపపండ్లను హాయిగా కొరుక్కు తింటుంది. దానికి ఓర్పు ఎక్కువని కాదు. పక్షులకూ వేడిని పట్టే గ్రాహకం ఉంది, కానీ దాని నిర్మాణంలో ఉన్న తేడా వల్ల క్యాప్సైసిన్ దాన్ని తెరవలేదు. కబురే పుట్టలేదు కనుక గ్రహించడానికి మంటే లేదు. దీనివల్ల మిరప మొక్కకూ మేలే. చాలా జంతువులు గింజలను నమిలి పాడుచేస్తాయి, పక్షులు మింగి దూరంగా విసర్జిస్తాయి.

ఎంత ఉంటే తెలుస్తుంది?

కబురు పుట్టాలంటే కొంత మోతాదు ఉండాలి. కుండెడు పులుసులో చిటికెలో వందో వంతు కారం వేస్తే ఎవరికీ తెలియదు. పెంచుకుంటూ పోతే ఒకచోట తెలియడం మొదలవుతుంది. ఆ హద్దును అవధి అంటారు. అది గీత గీసినట్టు ఉండదు. ఒకసారి తెలిసిన మోతాదే ఇంకోసారి తెలియకపోవచ్చు. అందుకే పరిశోధకులు సగం సార్లు తెలిసే మోతాదును అవధిగా తీసుకుంటారు.

మిరపకాయ కారానికి తొలి కొలమానం ఈ అవధి మీదే నిలిచింది. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఔషధ శాస్త్రవేత్త మిరప సారాన్ని తీపి నీళ్లలో కలిపి ఐదుగురి చేత రుచి చూపించాడు. వాళ్లకు కారం తెలియకుండా పోయేదాకా నీళ్లు పోస్తూ పోయాడు. ఎన్ని రెట్లు పలచన చేస్తే కారం మాయమైందో అదే ఆ కాయ స్కోవిల్ అంకె. బెంగళూరు మిర్చి అని మనం పిలిచే క్యాప్సికానికి అది సున్నా. భౌగోళిక గుర్తింపు ఉన్న గుంటూరు సన్నానికి 35,000 నుంచి 40,000 దాకా చెబుతారు. తేజ రకం అంతకన్నా చాలా ఘాటు. శుద్ధ క్యాప్సైసిన్‌కు 1 కోటి 60 లక్షలు.

ఈ పద్ధతిలో కొలబద్ద మనిషి నోరే. రెండు మూడు నమూనాలు చూశాక నాలుక మొద్దుబారుతుంది. ఒకరి అవధి ఇంకొకరిది కాదు. అందుకే ఇప్పుడు ప్రయోగశాలల్లో యంత్రంతో క్యాప్సైసిన్‌ను నేరుగా కొలిచి, ఆ అంకెను స్కోవిల్ లెక్కలోకి మారుస్తారు. యంత్రం చెప్పేది కాయలో ఎంత పదార్థం ఉందో మాత్రమే. తినేవాడికి ఎంత మండుతుందో అది చెప్పలేదు.

తేడాను గుర్తించడానికీ ఒక హద్దు ఉంది. కిలో పంచదార పొట్లంలో ఇంకో అరకిలో పోస్తే చేతికి వెంటనే తెలుస్తుంది. అదే అరకిలో నలభై కిలోల మిర్చి టిక్కీలో పోస్తే మోసే హమాలీకి కూడా తెలియదు. జర్మనీలో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎర్నెస్ట్ వేబర్ 1834లో ఈ సంగతిని ప్రయోగాలతో చూపించాడు. మనకు తెలిసేది పెరిగిన మొత్తం కాదు, ఉన్నదానితో పోలిస్తే అది ఎన్నో వంతు అన్నదే. మామూలుగా చప్పిడి తినే ఇంట్లో పప్పులో అదనంగా పడిన ఒక్క మిరపకాయ గొడవ పెడుతుంది. పల్నాటి కారం తినే ఇంట్లో అదే కాయ ఎవరి దృష్టికీ రాదు.

ఘాటుకు అలవాటు పడటం

మాఘ, ఫాల్గుణాల్లో మిర్చియార్డులోకి మొదటిసారి అడుగుపెట్టినవాళ్లు తుమ్ముతూ, దగ్గుతూ కళ్లు తుడుచుకుంటారు. గాలిలో తేలే మిరప ధూళి గొంతులోని ఆ గ్రాహకాలనే తాకుతుంది. వైద్యులు దగ్గు తీరును పరీక్షించడానికి క్యాప్సైసిన్ ఆవిరినే వాడతారు. ఆ దగ్గు మధ్యనే కమీషన్ వ్యాపారులు కబుర్లు చెప్పుకుంటూ టీ తాగుతుంటారు.

ఎడతెగకుండా వచ్చే కబురును నరాలు క్రమంగా తగ్గించి పంపుతాయి. దీనికి ఇంద్రియ అనుకూలనం అని పేరు. వాసనల విషయంలో ఇది నిమిషాల్లో జరుగుతుంది. కారం నడక ఇంకొంచెం వింత. ముద్ద వెనక ముద్ద తింటుంటే మంట పెరుగుతూ పోతుంది. కాసేపు ఆగి మళ్లీ తింటే అదే కారం ముందంత మండదు. రోజూ తినేవాళ్లలో ఈ మొద్దుబారడం ఎక్కువ కాలం నిలుస్తుంది. కీళ్లనొప్పులకు రాసే కొన్ని పూతమందుల్లో క్యాప్సైసిన్ కలపడంలో ఉన్న రహస్యం ఇదే. ముందు మండించి, తర్వాత ఆ నరాలను మౌనంగా ఉంచుతుంది.

అయితే గుంటూరు మనిషి కారం ఇష్టపడటానికి నరం మొద్దుబారడం ఒక్కటే కారణం కాదు. మంట తెలుస్తూనే ఉంటుంది, అది బాగుందనీ అనిపిస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త పాల్ రోజిన్, డెబొరా షిల్లర్ 1980లో మెక్సికో పల్లెవాసులనూ అమెరికా విద్యార్థులనూ పరిశీలించి ఈ ఇష్టం ఎలా పుడుతుందో రాశారు. పసిపిల్లలెవరికీ కారం నచ్చదు. ఇంట్లో పెద్దలు తింటుంటే చూసి, కొంచెం కొంచెంగా మరిగి, కొన్నేళ్లకు ఇష్టపడతారు. ప్రమాదం లేదని మనసుకు తెలిసినప్పుడు శరీరం పెట్టే కేకలోనూ ఒక సరదా ఉంటుందని రోజిన్ వివరణ.

సరదా మంటలో లేదు, సందర్భంలో ఉంది. కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలు గుంటూరు, ప్రకాశం చేలకు మిరపకోతలకు వలస వస్తాయి. రోజంతా కాయ కోసిన చేతులు రాత్రి మండుతాయి. ఆ మంటను తెచ్చేది అదే క్యాప్సైసిన్, మోసేది అదే రకం నరం. అది ఎవరికీ బాగుండదు. పచ్చడి ముద్దలో మంట మనం కోరి తెచ్చుకున్నది, ఎప్పుడు చల్లారుతుందో తెలిసినది. చేతుల మంట కూలికోసం భరించేది, తెల్లారితే మళ్లీ మొదలయ్యేది. సంవేదన ఒకటే అయినా గ్రహింపులు రెండు.

తడిని పట్టే నరం లేదు

ఇప్పుడు మిరప చేను దాటి పత్తి చేలోకి పోదాం. పర్చూరు, చిలకలూరిపేట వైపు నల్లరేగడిలో తీసిన పత్తి బోరేలకెక్కి అమ్మకానికి వస్తుంది. కొనేవాడు బోరెంలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పెడు పత్తి నలిపి, చెమ్మ ఉంది అంటాడు. ధర తగ్గుతుంది. ఆ చెయ్యి పట్టుకున్నదేమిటి?

వింతైన సంగతి ఏమిటంటే మనిషి చర్మంలో తడిని పట్టే గ్రాహకం లేదు. కొన్ని పురుగులకు ఉంది, మనకు లేదు. చర్మానికి తెలిసేవి ఒత్తిడి, ఒరిపిడి, వేడి, చల్లదనం, నొప్పి. చర్మం మీది వేడిని లాగేసే చల్లదనం, దాంతోపాటు మెత్తగా అంటుకునే స్పర్శ ఒక్కసారి వచ్చినప్పుడు మెదడు వాటిని కలిపి తడి అని తీర్మానిస్తుంది. ఇది పూర్తిగా గ్రహింపు తయారుచేసిన సరుకు. వేలికి పొడి తొడుగు తొడిగి చల్లటి నీళ్లలో ముంచినా వేలు తడిసినట్టే అనిపిస్తుందని 1900లోనే బెంట్లీ అనే మనస్తత్వవేత్త చూపించాడు. ఇటీవల బ్రిటన్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు పొడి వస్తువును చల్లబరిచి చర్మానికి తాకిస్తే తడిగా ఉందని జనం చెప్పడం గమనించారు. గోరువెచ్చని తడి తగిలితే మాత్రం తడి తక్కువగా తెలిసింది. చలికాలం రాత్రి దండెం మీంచి తీసిన బట్ట ఆరిందో లేదో తేల్చుకోలేకపోయేది ఇందుకే.

దీన్ని బట్టి పుష్యమాసపు తెల్లవారుజామున తాకిన బోరెం నిజం కన్నా చెమ్మగా తోచవచ్చు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిచిన బోరెం నిజం కన్నా పొడిగా తోచవచ్చు. అనుభవం ఉన్న వ్యాపారి ఈ మోసాన్ని కొంత సరిదిద్దుకుంటాడు. చేతి మీదే ఆధారపడకుండా గింజను పంటితో కొరికి చూస్తాడు. మిర్చిలోనైతే కాయను చెవి దగ్గర ఆడించి గింజ గలగల వింటారు. ఒక ఇంద్రియం చెప్పినదాన్ని ఇంకోదానితో సరిచూడటమే నేర్పు అంటే. ఏళ్లు గడిచినకొద్దీ వ్యాపారి వేళ్లలో కొత్త నరాలేమీ మొలవలేదు. పాత కబుర్లకు మెరుగైన అర్థం కట్టడం అలవడింది.

భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రాల్లో తేమను యంత్రంతో కొలుస్తారు. 8 శాతం దాకా పూర్తి ధర, 12 శాతం దాకా కోతతో ధర, దాటితే కొనరు. యంత్రం నీటినే కొలుస్తుంది. చెయ్యి నీటిని ఊహిస్తుంది.

కన్ను చూసే ఎరుపు

ఎండలో ఉన్న మిర్చి కల్లం నుంచి కంటికి చేరే వెలుతురు, రేకుల షెడ్డులో ఉన్న కుప్ప నుంచి చేరేదాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా కాయ రెండుచోట్లా ఎర్రగానే ఉంటుంది. మెదడు చుట్టుపక్కల వెలుతురును అంచనా కట్టి, దాన్ని తీసేసి రంగు చెబుతుంది. దీన్ని వర్ణ స్థిరత్వం అంటారు. రంగు పరదా కింద ఈ లెక్క కొంత తప్పుతుంది. సరుకును ఆరుబయట చూడాలని కొనేవాళ్లు పట్టుబట్టడంలో న్యాయం ఉంది.

పొద్దు వాలాక ఇంకోటి జరుగుతుంది. మునిమాపువేళ చేలో నిలబడితే మిరపపండ్లు నల్లగా మారతాయి, ఆకులు మాత్రం ఇంకా లేతగా కనిపిస్తాయి. 19వ శతాబ్దం తొలినాళ్లలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే ఎర్రపూలను చూసి దీన్ని నమోదు చేశాడు. పగటి చూపు కంటిలోని శంకు కణాలది. చీకటి పడుతుంటే దండ కణాలు పని అందుకుంటాయి. వాటికి ఎరుపు దాదాపు కనబడదు. ఇక్కడ మారింది గ్రహింపు కాదు, కబురే. మునిమాపున రంగు చూసి రకం చెప్పడం ఎంత అనుభవజ్ఞుడికైనా సాధ్యం కాదు.

కబురు సరిగ్గా ఉండి గ్రహింపు దారి తప్పే సందర్భం కూడా ఉంది. బాగా ఎర్రగా ఉన్న కారం చూడగానే బాగా మండుతుందని అనుకుంటాం. ఎరుపు క్యాప్సాంథిన్ వంటి రంగు పదార్థాలది, మంట క్యాప్సైసిన్‌ది. రెండూ వేరు. కర్ణాటక బ్యాడిగి కాయ ముదురు ఎరుపు, కారం తక్కువ. నోట పెట్టకముందే కన్ను ఒక అంచనా కట్టి పెడుతుంది. నాలుక చెప్పేది ఆ అంచనా నీడలోనే మనకు చేరుతుంది.

ఒకే టిక్కీ, రెండు మాటలు

ఒకే మిర్చి టిక్కీలో చెయ్యి పెట్టి కొనేవాడు చెమ్మ అంటాడు, రైతు ఆరింది అంటాడు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోవడం సులువు. అలా కానక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర మీద కనిపించే మిణుకు శత్రువిమానమా, ఉత్త అలజడా అని తేల్చాల్సి వచ్చింది. ఆ లెక్కల నుంచి ఒక ఆలోచన పుట్టింది. మిచిగాన్ విశ్వవిద్యాలయంలో టానర్, స్వెట్స్ 1954లో దాన్ని మనిషి చూపుకు వర్తింపజేశారు. మనం సంకేత నిర్ణయ సిద్ధాంతం అందాం. దాని సారం ఇది: కబురు అనుమానంగా ఉన్నప్పుడు మనిషి ఏమంటాడన్నది రెండిటి మీద ఆధారపడుతుంది. అతని ఇంద్రియం ఎంత పదునుగా ఉందన్నది ఒకటి. ఏ తప్పుకు ఎంత నష్టమన్నది రెండోది. చెమ్మకాయను పొడికాయ అనుకుని కొంటే కొనేవాడికి నష్టం, నిల్వలో బూజు పడితే విషపు అఫ్లాటాక్సిన్ వచ్చి ఎగుమతికి పనికిరాదు. అందుకని ఏ మాత్రం అనుమానమున్నా చెమ్మ వైపే మొగ్గుతాడు. పొడి సరుకును చెమ్మ అంటే నష్టం రైతుది, ఏడాది కష్టానికి ధర పోతుంది. అందుకని అతను పొడి వైపు మొగ్గుతాడు. వేళ్లకు తెలిసింది ఒకటే. గీత గీసుకున్న చోటు వేరు.

పదునూ మొగ్గూ వేరని తేల్చే పద్ధతి కూడా ఈ సిద్ధాంతం ఇచ్చింది. యంత్రంతో కొలిచిన పొడి నమూనాలనూ చెమ్మ నమూనాలనూ కలిపి, ఏది ఏదో చెప్పకుండా చేతికివ్వాలి. ప్రతిదాన్నీ చెమ్మ అనేవాడు చెమ్మవాటిని ఒక్కటీ వదలడు, కానీ పొడివాటినీ తప్పు చెబుతాడు. అతని చెయ్యి పదునైనది కాదు, మొగ్గు బలమైనది. రెండు రకాల తప్పులూ తక్కువగా చేసేవాడిదే నిజమైన నేర్పు.

యార్డులోని వాదన తగ్గాలంటే ఎవరి వేళ్లు గొప్పవో తేలనక్కర్లేదు. తేమలాంటివి యంత్రానికి అప్పగించవచ్చు. తాలు శాతం, రంగు, కాయ నిగ్గు వంటివి ఇంకా కంటితోనే తేలాల్సి ఉన్నచోట, ఏది మేలు, ఏది తాలు అన్న నమూనా గీతను బేరానికి ముందే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇంద్రియాలను మార్చలేం. గీత ఎక్కడ ఉండాలో మాత్రం కూర్చుని మాట్లాడుకోవచ్చు.